మా ఇంట్లో రబ్బరు పొగ

మొదటిసారి ఆ వాసన వచ్చిన సాయంత్రం నేను నేరుగా పోయి పంక్చరు దుకాణం అతనితో జగడం పెట్టుకున్నాను. బీదరులో మా గల్లీ మలుపున ఉంటుంది అతని దుకాణం. ఇళ్ళల్లో లైట్లు వేసే వేళ. తమ్ముడికి గొంతు ఆపరేషను చేయించి అప్పుడే ఇంటికి తెచ్చుకున్నాం, పట్టీ కూడా ఇంకా విప్పలేదు. అలాంటప్పుడు టైర్లు తగలబెడతాడా అని నాకు నషాళానికి అంటింది.

“ఏమయ్యా, మనుషులు బతకాల్నా వద్దా? ఇంట్ల రోగిష్టి మనిషున్నడు. గిప్పుడే దొరికిందా నీకు టైర్లు కాలవెట్టనీకి?” అన్నాను.

అతను తెల్లబోయాడు. “నేనేడ కాలవెట్టిన టీచరమ్మా? రార్రి, చూడుర్రి” అని నన్ను దుకాణం వెనక్కి తీసుకుపోయాడు. పాత టైర్లు గోడకు ఆనించి ఉన్నాయి, వాటి మీద దుమ్ము అట్లాగే ఉంది. అక్కడ నిలబడితే పక్క హోటల్లో మిర్చి భజ్జీల వాసన తప్ప ఏమీ రాలేదు. “సరేలే” అనేసి వెనక్కి వచ్చాను. మా గడపలో కాలు పెట్టానో లేదో మళ్ళీ ముక్కుకు తగిలింది. కాలుతున్న రబ్బరు, దాని అడుగున ఏదో మందులాంటి తీపి వాసన.

తమ్ముడు గోడ పక్క కుర్చీలో కూర్చుని నా ముఖమే చూస్తున్నాడు. బొంగురుపోయిన గొంతుతో మెల్లగా అడిగాడు.

“నీకు గూడ వచ్చిందా అక్కా?”

మరదలు, అంటే తమ్ముడి భార్య, వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నాలుగు దిక్కులా ముక్కు ఎగబీల్చి చూసింది. “ఏం వాసన వదినా? నాకైతె ఏం వస్తలేదు” అంది.

మాది దయ్యాలను నమ్మే ఇల్లు కాదు. మా తాతల కాలం నుంచి చర్చికి పోయేవాళ్ళం. నేను కన్నడ బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, పైగా నోరు కొంచెం ఎక్కువని పేరున్నదాన్ని. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి తమ్ముడి సంసారమే నా సంసారం. కాబట్టి ఆ వాసన మురుగు మోరీదేమో అనుకున్నాను, ఫినాయిలు కొట్టించాను, కిటికీలు మూయించాను. మర్నాడు సందె వేళకు మళ్ళీ వచ్చింది. అరగంట ఉండి, ఎవరో లేచి వెళ్ళిపోయినట్టు పోయింది.

తమ్ముడు మిలిటరీలో పనిచేసి వచ్చినవాడు. తుపాకీ పట్టి కొట్లాడిన మనిషి అని అందరూ అనుకునేవాళ్ళు గానీ, వాడి పని ఒక సామాను డిపోలో. పనికిరాదని ఆఫీసర్లు రాసిన సామానును మిలిటరీలో కండెమ్ అంటారు. టైర్లు, రబ్బరు షీట్లు, బ్యాటరీలు, నూనె డబ్బాలు, కాలం చెల్లిన మందులు, పాత రిజిస్టర్లు, అన్నీ డిపో వెనక ఒక పెద్ద గుంతలో వేసి డీజిలు పోసి కాల్చాలి. ఆ గుంత దగ్గర తమ్ముడూ, ఔరాద్ తాలూకా సంతపూర్ నుంచి వచ్చిన ఇంకొకతనూ ఉండేవాళ్ళు. ఇద్దరూ తెలుగు మాట్లాడతారు గదా అని ఒకేచోట వేశారట. మూతికి తడిగుడ్డ కట్టుకోవడమే వాళ్ళకు రక్షణ.

పెళ్ళికి ముందే వాడికి ఆ పని తప్పింది, వేరే చోటికి మార్చారు. ఇన్నేళ్ళ తరవాత గొంతులో గడ్డ లేచింది. క్యాన్సరని తేలింది.

చర్చిలో మా వెనక బెంచీ మీద కూర్చునే ఒక పెద్దమ్మ ఉంది. గొంతు క్యాన్సరని తెలిసిన ఆదివారమే ఆమె పక్కామెతో, మాకు వినపడేటట్టే అంది. “గుట్కా తినకుంట గొంతుకు ఎట్ల వస్తది? నిప్పు లేనిదె పొగ వస్తదా బిడ్డా?” మా సంఘంలో గుట్కా, బీడీ అంటే పాపం కింద లెక్క. తమ్ముడు జన్మలో వక్కపలుకు కూడా నోట్లో వేసుకోలేదు. ఆ మాట వాడి ముఖం మీద పడడం నేను చూశాను. ఆమెను అక్కడే నాలుగు దులపాలని లేచాను, మరదలు నా కొంగు పట్టి గుంజి కూర్చోబెట్టింది.

అప్పుడే వాడు అర్జీ పెట్టాడు. సర్వీసులో చేసిన పని వల్ల రోగం వస్తే మాజీ సైనికుడు అర్జీ పెట్టుకోవచ్చు, డాక్టర్ల బోర్డు చూసి తేలుస్తుంది. వాడికి పింఛను మీద ధ్యాస లేదు. “కాయిదం మీద ఒక్క మాట రాస్తె సాలక్కా. ఈ రోగం నేను తెచ్చుకున్నది గాదు, ఆ పనిల వచ్చిందని. గదొక్కటి సర్కారోళ్లు రాస్తె సంఘంల తలెత్తుకొని కూసుంట” అన్నాడు.

ఇక మావాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. రోగం వస్తే మేము స్వస్థత కోసం ప్రార్థన చేస్తాం, ఆ వెంటనే, ఇంకా బాగుకాకముందే, బాగైందని కృతజ్ఞత కూడిక పెడతాం. నమ్మినవాడు ముందే థ్యాంక్స్ చెప్పాలని అయ్యగారు, అంటే మా పాస్టరు, అంటాడు. ఒకసారి అలా చెప్పాక ఇంకెప్పుడూ ఆ రోగం నాకు ఉంది అని నోటితో అనకూడదు. అంటే అవిశ్వాసం. మా ఇంట్లో కూడా కూడిక పెట్టాం. బగారన్నం వండాం, షామియానా వేశాం. తమ్ముడు లేచి, చెవి ఒగ్గితే గానీ వినపడని గొంతుతో, “దేవుడు నన్ను బాగు చేసిండు. నాకిప్పుడు ఏ రోగం లేదు” అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు, నేనూ అన్నాను.

ఆ తరవాతి వారమే మిలిటరీ దవాఖానలో బోర్డు. లోపల డాక్టరు, ఇప్పుడెలా ఉంది అని అడిగితే మా మహానుభావుడు కూడికలో చెప్పిందే అక్కడా చెప్పి వచ్చాడు. దేవుని దయ వల్ల పూర్తిగా బాగైంది సాబ్, నాకేమీ లేదు అని. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే ఇంకొకసారి చెప్పమన్నాను. రోగానికి అర్జీ పెట్టుకుని, రోగం లేదని చెప్పి వచ్చేవాడు భూమ్మీద ఇంకెవడైనా ఉంటాడా?

అనుకున్నట్టే ఫైలు వెనక్కి వచ్చింది. మాజీ సైనికుల ఆఫీసులో గుమాస్తా దాన్ని నా ముందు పెట్టి చదివి చెప్పాడు. ఈ దిక్కున కన్నడ బడి టీచరమ్మను అక్కోరె అని పిలుస్తారు, అతనికీ నేను అక్కోరెనే. “ఎరడు మాత కేళ్యార అక్కోరె” అని, రెండు సంగతులు అడిగారంటూ నాకోసం తెలుగులోకి దిగాడు. “రోగం లేదని ఈయనే చెప్పిండట, ఇప్పుడు ఉన్నదో లేదో మళ్ల బోర్డు ముందట చెప్పాలె. ఇంకొకటి, గుంత కాడ పని చేసినట్టు రుజువు కావాలె. డిపోల ఆ కాలం డ్యూటీ రిజిస్టర్లు లేవంటున్నరు.”

“ఎందుకు లేవు?” అన్నాను.

సమాధానం గుమాస్తా చెప్పలేదు, నా పక్కన కూర్చున్న తమ్ముడు చెప్పాడు. “కండెమ్ అయినయక్కా. నేనె కాలవెట్టిన.”

గుమాస్తా కలం కింద పెట్టి వాడివైపు చూశాడు. వాడు బల్ల మీద తన చేతులను చూసుకుంటున్నాడు.

“వీడు సెలవు మీద ఇంటికొస్తే బట్టలు ఉతికింది నేనేనయ్యా” అన్నాను. “బకీటుల నీళ్లు నల్లగ దిగేవి. రాసిస్త.”

“ఇంటోళ్ల మాట చెల్లదు అక్కోరె. ఎంబడి పనిచేసినోళ్లు కావాలె.”

ఎంబడి పనిచేసినవాడు ఒక్కడే, సంతపూర్ అతను. అతను చనిపోయి చాలా కాలమైందని తమ్ముడికి తెలుసు గానీ, ఇంటివాళ్ళ సంగతి తెలియదు. నేను ఔరాద్ బస్సెక్కి పోయాను. అతని భార్య చేను నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. కందిచేను చూసుకుంటూ ఒక్కతే ఉంటుంది. నేనెవరో చెబితే మంచం వాల్చి చాయ్ పెట్టింది. మీ ఆయనకు ఏమైంది అని అడిగాను.

“గొంతుల గడ్డ” అంది. “ఏం లేదు, ఏం లేదు అనుకుంటనె పోయిండక్కా. తాగి తాగి సచ్చిండన్నరు ఊరోళ్లు. కల్లు గూడ ముట్టని మనిషి.”

మాటల్లోనే పొద్దు వాలింది. ఆమె లేచి దేవుడి దగ్గర దీపం వెలిగించింది. అప్పుడు వచ్చింది. మా ఇంట్లో వచ్చే వాసనే. అదే రబ్బరు, అడుగున అదే తీపి. నేను చాయ్ గ్లాసు పట్టుకుని అట్లాగే ఉండిపోయాను. ఆమె దీపం దగ్గర నుంచి వెనక్కి తిరిగి నా ముఖం చూసింది.

“మీ ఇంట్ల గూడ వస్తదా?” అంది.

నేను తల ఊపాను.

“కోడలికి రాదు, కొడుక్కి రాదు. పండుగకొస్తరు, నాకు పిచ్చి లేసిందనుకుంటరు” అంది ఆమె. “బట్టలు ఉతికినోళ్లకె వస్తదేమో అక్కా.”

మరదలికి ఎందుకు రాలేదో నాకప్పుడు తట్టింది. ఆ బట్టలు ఆమె ఏనాడూ ఉతకలేదు, ఆమె కాపురానికి వచ్చేటప్పటికే వాడు గుంతను వదిలేశాడు.

ఆమె మంచం కింద నుంచి రేకు ట్రంకు లాగింది. అందులో ఖాకీ బట్టల అడుగున ఒక ఫొటో ఉంది. గుంత ఒడ్డున ఇద్దరు మనుషులు, మూతులకు గుడ్డలు. చొక్కాల మీద పేరు పట్టీలు చదవగలిగేటట్టు ఉన్నాయి. ఒక కాలు మీదే బరువు వేసి నిలబడ్డ తీరు చూసి, పట్టీ చదవకముందే వాడు మా తమ్ముడని నాకు తెలిసింది. వెనక నుంచి లేచిన నల్లటి పొగ ఇద్దరి భుజాల మీదికి వంగి ఉంది. ఫొటో చేతికిస్తూ ఆమె అంది, “మీ తమ్మునికి చెప్పక్కా. నా మనిషి చెప్పలేదు. ఆయనన్న చెప్పాలె.”

ఫొటోతో పాటు ఆమె రాసిచ్చిన వాంగ్మూలం కూడా గుమాస్తాకు ఇచ్చాను. వాళ్ళింట్లో వచ్చిన వాసన సంగతి కూడా చెప్పాను. “వాసనను ఫైలుకు కుట్టలేం అక్కోరె” అన్నాడు పాపం, ఎగతాళిగా కాదు. రుజువు సరిపోతుందన్నాడు. ఇక మిగిలింది తమ్ముడి నోరు.

వాడు ఒప్పుకోలేదు. “దేవుని ముంగట అన్న మాటక్కా. బాగైందని థ్యాంక్స్ చెప్పినంక, లేదంటె ఎట్ల?”

“దేవునికి కండ్లు లేవా? నీ గొంతు ఆయనకు కనవడతలేదా? నువ్వు లేదంటె పోతదా?”

“అంటె వస్తది అక్కా” అన్నాడు.

ఆ మాట ఎంత నెమ్మదిగా అన్నాడంటే, నాకున్న కోపమంతా దిగిపోయింది. వాడు భయపడుతున్నాడని అప్పుడు తెలిసింది. నా తమ్ముణ్ణి చూసి నాకు ఏడుపొచ్చింది. ఇక వాదించకుండా ఫొటో కాపీ తీసి వాడి చేతిలో పెట్టాను, సంతపూర్ ఆమె చెప్పింది చెప్పాను. ఊరివాళ్ళు తాగి చచ్చాడన్నారని కూడా చెప్పాను. వాడు ఆ సాయంత్రమంతా ఫొటో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వాసన వచ్చింది, అరగంట ఉంది, పోయింది. అది పోయాక “సరె” అన్నాడు.

రెండోసారి బోర్డుకు నేనూ పోయాను. గది బయట బెంచీ మీద కూర్చున్నాను, తలుపు ఓరగా ఉంది. ఇప్పుడెలా ఉంది అని డాక్టరు హిందీలో అడిగాడు. “బీమారీ హై సాబ్” అన్నాడు తమ్ముడు. పోయినసారి లేదన్నావు గదా అని డాక్టరు అన్నాడు. తమ్ముడు, ఆ మాట దేవుడికి చెప్పింది సాబ్, ఇది మీకు చెబుతున్నది, అన్నాడు. పట్టపగలు, ఫినాయిలు కొట్టిన దవాఖాన వరండాలో, నా చుట్టూ రబ్బరు కాలుతున్న వాసన లేచింది. బెంచీ మీద ఉన్న మిగతావాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు.

నెల తిరక్కుండా చెవి కింద గడ్డ తేలింది.

మా దవాఖాన డాక్టరు పాత స్కాను తీసి చూపించాడు. అది అప్పటికే అందులో ఉంది, బోర్డుకు పోకముందు నుంచీ ఉంది. నేను ఆ సంగతి మరదలికి మూడుసార్లు చెప్పాను. ఆమె విన్నది. ఒక్కసారి మాత్రం, అన్నం కలిపి వాడికి పెడుతూ, నావైపు చూడకుండా “ఎందుకు అనిపించిన్రు వదినా” అంది. నోటితో అంటే రోగం వస్తుందని నేను ఒప్పుకోను, ఇప్పటికీ ఒప్పుకోను. కానీ గిన్నెలు తోముతున్నా, దండెం మీద బట్టలు ఆరేస్తున్నా, వాడి మాట నా చెవిలో ఉండేది. అంటె వస్తది.

చివరి రోజుల్లో వాడికి గొంతు పూర్తిగా పోయింది. కాయిదం వచ్చిందా అని చేతితో సైగ చేసి అడిగేవాడు. రాలేదురా, వస్తది అనేదాన్ని. ఒక సందె వేళ మరదలు వాడికి నీళ్ళు తాగిస్తుండగా కన్ను మూశాడు. ఆ సాయంత్రం వాసన రాలేదు. మర్నాడూ రాలేదు. నేను పిచ్చిదానిలా ప్రతి సందెకూ వాడి కుర్చీ పక్కన నిలబడి ముక్కు ఎగబీల్చేదాన్ని. వట్టి ఇల్లు.

సమాధి తోట నుంచి వచ్చి చాయ్ తాగేటప్పుడు కూడా ఆ పెద్దమ్మ ఊరుకోలేదు. “ఏం తిన్నడో, ఏం చేసిండో, దేవునికె ఎరుక” అంది. నాకు ఆ రోజు తిట్టే ఓపిక కూడా లేదు.

కాయితం చలికాలంలో వచ్చింది. మరదలు కవరు చింపకుండానే నా చేతికిచ్చింది. ఇంగ్లీషులో రెండు పేజీలు. మొదటి పేజీ అంతా పాత సంగతులే, ఫైలు ఎందుకు వెనక్కి వచ్చింది, ఏమేం జతచేశారు. రెండో పేజీలో ఆ ఒక్క వాక్యం ఉంది. అర్జీదారుడు కండెమ్ సామాను కాల్చే పనిలో ఉన్నట్టు రుజువైంది, రోగం ఆ సర్వీసు వల్లనే వచ్చినట్టు అంగీకరించడమైనది. తెలుగులో చెప్పాను. మరదలు వాడి కుర్చీలో కూర్చుని ఏడ్చింది. వాడు పోయాక అప్పటిదాకా ఆ కుర్చీలో ఎవరం కూర్చోలేదు.

ఆ ఆదివారం చర్చిలో, కృతజ్ఞతలు చెప్పేవాళ్ళు లేవండి అని అయ్యగారు అన్నప్పుడు నేను లేచాను. మరదలు ఈసారి నా కొంగు పట్టుకోలేదు, తనూ లేచి నా పక్కన నిలబడింది.

“నా తమ్ముడు ముందె థ్యాంక్స్ చెప్పిండు, బాగుకాలేదు” అన్నాను. “కని వాడు అడిగిన మాట ఒకటున్నది. అది వచ్చింది. నేను చదువుత, మీరు వినుర్రి.”

పది గంటల ఎండ. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, ఫ్యాన్లు ఆపేసి ఉన్నాయి. నేను రెండో పేజీ తీసి మొదట ఇంగ్లీషులో చదివాను. తరవాత తెలుగులో చెప్పాను. సర్వీసు వల్లనే వచ్చినట్టు, అనే దగ్గరికి వచ్చేటప్పటికి ముందు బెంచీ మీద ఎవరో దగ్గారు. చంటిపిల్ల ఏడుపు అందుకుంది. తల ఎత్తి చూస్తే మగవాళ్ళు మెడలు తిప్పి కిటికీల వైపు చూస్తున్నారు. ఎవరు కాలవెడుతున్రు, పోయి చూడుర్రి, అంటున్నారు. ఒకతను బయటికి పోయి, చర్చి చుట్టూ తిరిగి వచ్చి, ఏమీ లేదని చెయ్యి ఊపాడు. అయ్యగారు తనే పీఠం దిగి ఒక్కొక్క కిటికీ మూస్తూ వచ్చాడు. మూసేకొద్దీ వాసన ఎక్కువైంది. మా వెనక బెంచీ మీద పెద్దమ్మ కొంగుతో ముక్కూ మూతీ గట్టిగా కట్టుకుంది. కొంగు పైన ఆమె కళ్ళు నన్నే చూస్తున్నాయి.

మరదలు నా మోచెయ్యి పట్టుకుంది. ముక్కు ఎగబీల్చింది, ఇన్ని నెలల్లో మొదటిసారి ఆమెకూ వాసన తగిలింది.

“ఇదేనా వదినా?” అంది.

“ఇదే” అన్నాను.